కిటికీలు మూసిన చలికాలం

నాకు కోపం ఎక్కువ. ఇది నా గొప్ప చెప్పుకునుడు కాదు, సాతంరాయిల మా గల్లీల ఎవర్ని అడిగినా ఈ ముచ్చటే చెప్తరు. అన్నం చల్లగైనా అరుస్త, నీళ్ల ట్యాంకరు ఆలస్యమైనా అరుస్త. గానీ పోయిన చలికాలం దాంక నా కోపం నోటికాడనే ఆగుతుండె. చేతులదాంక రాకుండె.

దసరా పోయినంక మొదలైంది. మా బిడ్డ కీర్తనకు ఏడేండ్లు. చలి పడంగనే ముక్కు కారుడు, ఒకటే తుమ్ములు, ఆ ఎనక రొమ్ముల పిల్లికూతలు. పండుకున్నప్పుడు దాని పక్కల చెవి పెడితే లోపల ఎవరో సన్నగ ఈల వేస్తున్నట్టు ఇనబడేది. నేను దాని వీపు నిమురుకుంట కూసునేది. ఊపిరి లోపలికి పోతుందా, బయటికొస్తుందా అని లెక్కపెట్టుకుంట కూసునుడే నా పనైంది.

మా ఇంటి ఎనక గోడకు ఆనుకొని కరీం గోదాం ఉంటది. పాత మోటార్లు, ఖరాబైన ఫ్రిజ్‌లు, కట్టలు కట్టలు కరెంటు వైర్లు కొంటడు. వైరు మీద రబ్బరు కాలితే లోపలి రాగి బయటపడతది. అందుకని పొద్దు పొడవక ముందే కుప్పేసి అంటువెట్టేటోడు. ఆ పొగ నల్లగ, జిడ్డుగ, గోడ దిగి సక్కగ మా పడకటింట్లకే వచ్చేది. కండ్లు మండుతయి, గొంతుల గరగర. పెద్దోళ్లం మాకే గట్లుంటే పిల్ల పరిస్థితేంది?

శంషాబాద్‌ల డాక్టర్ హరిప్రసాద్ దగ్గరికి తీస్కపోయిన. ఆయనది కోస్తా వైపు, మాట నెమ్మది. కీర్తన వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నడు.

"అలర్జీ ఉందమ్మా. దానికి తోడు పొగ పడట్లేదు. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా? కట్టెల పొయ్యి ఏమైనా ఉందా? మరే రకమైన పొగైనా?"

"లేదు సార్. మాది గ్యాసు. పొగంత బయటిదే," అన్న.

"అయితే దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. బయట పొగ వచ్చినప్పుడు కిటికీలు మూసుకోండి, పొగ పోగానే మళ్లీ తెరవండి. ఊపిరాడనప్పుడు పీల్చే ఈ మందు పంపు ఎప్పుడూ దగ్గరుంచుకోండి."

మూసుకోండి అన్నది నాకు మంచిగ ఇనబడ్డది. తెరవండి అన్నది ఇన్ననో లేదో, ఇప్పటికీ యాదికి లేదు.

నేను పనిచేసేది ఎయిర్‌పోర్టు దగ్గర, విమానాలల్ల పెట్టే భోజనాలు ప్యాక్ చేసే కిచెన్ల. అక్కడ గాలి గూడ వడకట్టి లోపలికి పంపుతరు. ఆకాశంల తినేటోళ్ల డబ్బాల ధూళి పడొద్దు గద. మా బిడ్డకు లేని గాలి ఆ పప్పన్నానికి ఉన్నదే అని నాకు ఒళ్లు మండేది. మెయింటెనెన్స్ సారును బతిమిలాడి ఒక తెల్ల ఫిల్టర్ గుడ్డ తెచ్చిన. టేబుల్ ఫ్యాన్ ఎనకకు తాడుతోటి బిగించి కట్టి, ఆ ఫ్యాను పిల్ల మంచం కాడ పెట్టిన. నాలుగు రోజులకు ఇప్పి చూస్తే ఆ గుడ్డ బొగ్గు తీర్గ ఉన్నది.

ఆ గుడ్డ పట్టుకొని చెప్పుల్లేకుండనే కరీం గోదాంలకు పోయిన. ఆయన పీట మీద కూసొని మోటారు ఇప్పుతుండు. నలభై ఏండ్ల మనిషి, బక్కపానం, సగం తెల్లగైన గడ్డం.

"ఇగో, ఇది చూడు. ఇది నా బిడ్డ రొమ్ములకు పోతున్నది," అన్న.

"అక్కా, జర ఆగు, కూసో…"

కూసుంటనా నేను? ఆ గుడ్డను ఆయన మొఖానికేసి రుద్దిన. ముక్కు, నోరు, గడ్డం అంత మసి చేసిన. ఆయన భార్య సుఘ్రా లోపల్నుంచి ఉరికొచ్చి నా జుట్టు పట్టి గుంజింది. నేను ఆమె చెయ్యి కొరికిన. ఇద్దరం ఇనుప ముక్కల మీద పడ్డం, నా మోకాలు చీరుకపోయి రక్తం కారింది. లేసి దొరికిన ఇటుకపెడ్డ ఇసిరేస్తే ఆళ్ల కాంటా అద్దం పలిగింది. గల్లీ జనమంత గేటుకాడ గుమిగూడి చూస్తున్నరు గానీ ఒక్కరు గూడ నడుమకు రాలె.

కరీమే మా ఇద్దరి నడుమల నిలబడ్డడు. మసి మొఖంతోటి చేతులు జోడించిండు. "రేపటి సంది ఇక్కడ కాల్చ. రబ్బరు చాకుతోటి గీకుత. పాప మీద కసమ్, అక్కా."

"నా బిడ్డ మీద ఒట్టేస్తవా నువ్వు?" అని ఆయన మీద ఉమ్మేసి ఇంటికొచ్చిన.

నమ్మలె. నమ్ముతె నేను ఝాన్సీని ఎట్లయిత? ఆ మరునాడే కిటికీలకు అట్టలు కొట్టి, సందులల్ల టేపు అంటించిన. పడకటింటి కిటికీకైతే రెండు వరసల అట్ట. దర్వాజ కింద పాత చీర తడిపి పెట్టిన. వంటింట్ల పొగ బయటికి లాగే ఫ్యాను రంధ్రం గూడ సంచి కుక్కి మూసేసిన.

మా అత్త ముత్తమ్మకు అది నచ్చలె. "పానం ఉక్కిరిబిక్కిరైతుంది పిల్లా. గాలి ఆడుతలేదు," అన్నది.

"గాలి ఆడొద్దనే గదా అత్తా మూసింది."

ఆమె అరవై ఏండ్ల మనిషి, మనుమరాలంటే పానం. నేనూ మా ఆయన లక్ష్మణ్ పనులకు పోతె పిల్లకు తల దువ్వుడు, తినిపిచ్చుడు అంత ఆమెనే. గోడ అవతల పొద్దంత గర్రుగర్రున గీకుడు సప్పుడు ఇనబడుతుండె. ఆడు ఇంకేం కతలు పడుతుండో అనుకున్న.

పదిరోజులు పోయినయి. ఒక శుక్రారం నేను మూడు గంటలకు డ్యూటీ దిగి వచ్చిన. దర్వాజ తీయంగనే గదంత మసకమసక. కీర్తన మంచం మీద ముందుకు వంగి రెండు చేతులు మోకాళ్ల మీద ఆనిచ్చి కూసున్నది. భుజాలు పైకి లేస్తున్నయి, గొంతు కింద గుంట పడుతున్నది. "అమ్మ" అందామంటె సగం మాటనే వచ్చింది. మా అత్త చాటతోటి ఇసురుకుంట "ఇప్పుడే, ఇప్పుడే గిట్లయింది" అని ఏడుస్తున్నది. శుక్రారం శుక్రారం మా ఇంట్ల సాంబ్రాణి ఊదు వాసన ఉండనే ఉంటది. అది నా ముక్కుకు కొత్త కాదు, కాబట్టి అది నాకు తెల్వనే తెల్వలె.

"ఇంత మూసినా వచ్చింది ఆని పొగ," అన్న.

అదే టైముకు లక్ష్మణ్ అన్నానికి వచ్చిండు. ఎయిర్‌పోర్టు క్యాబు నడుపుతడు. పిల్ల పెదవులు నీలంగ అయినది చూసి ఆయన మొఖం పాలిపోయింది. పంపు నాలుగుసార్లు కొట్టినం. ఎత్తుకొని కారుకాడికి ఉరికినం. పిల్లను ఎనక సీట్ల పండబెట్టి, దవాఖాన సంచి పెడదామని నేనే డిక్కీ తీసిన. అందుల టైరు ఇప్పే రాడు ఉన్నది.

ఆ రాడు తీసి లక్ష్మణ్ చేతుల నేనే పెట్టిన.

"రెండు నిమిషాలు. ఆని సంగతి చూసి రా," అన్న.

పిల్లకు ఊపిరి ఆడుతలేదు, దవాఖానకు పోవాలె, ఆ రెండు నిమిషాలు నేను దానికి ఖర్చువెట్టిన. ఎవరన్న తల్లి గట్ల చేస్తదా అంటె, చేసింది, నేనే. లక్ష్మణ్ గేటు తన్నుకొని పోయిండు. కారు ఆ గేటు ఎదురంగనే ఉన్నది, పిల్ల తలను ఒళ్ల పెట్టుకొని నేను అందులకెల్లి చూస్తున్న. కరీం గొంతుకు కూసొని వైరు గీకుతుండు, చేతుల చాకు. లేసి నిలబడి చెయ్యి అడ్డం పెట్టిండు. రాడు మోచేతి మీద పడ్డది. ఎండుకట్టె ఇరిగిన సప్పుడు కారుల ఉన్న నాకు ఇనబడ్డది. రెండోది నెత్తి మీద. కిందపడ్డంక గూడ ఇంకోటి, నడుము మీద.

"కాల్చలే అన్నా. అల్లా కసమ్, కాల్చలే," అంటున్నడు కరీం.

సుఘ్రా వచ్చి మొగని మీద అడ్డం పడ్డది. లక్ష్మణ్ ఎత్తిన రాడు గాలిలనే ఆగింది. గోదాంల మంట లేదు, బూడిద లేదు. నేను చూసిన. చూసి గూడ, ఇంతకుముందే ఆర్పేసిండు దొంగముండకొడుకు అనుకున్న.

లక్ష్మణ్ అంగీ మీద రక్తంతోటి వచ్చి స్టీరింగ్ పట్టుకున్నడు. హైవే మీద ఎట్ల నడిపిండో దేవునికే తెలుసు. కీర్తనను ఐదు రోజులు దవాఖానల పెట్టిండ్రు, రెండు రోజులు ఆక్సిజన్ మీదనే. బతికింది. డాక్టర్ హరిప్రసాద్ నన్ను పక్కకు పిలిచి, "ఇంకో పావుగంట ఆలస్యమైతే నేను కూడా ఏమీ చేయలేకపోయేవాణ్ని," అన్నడు. ఆ మాట ఇన్నంక ఆ రెండు నిమిషాలు నా కడుపుల కూసున్నయి.

మరునాడే లక్ష్మణ్‌ను పోలీసులు తీస్కపోయిండ్రు. పన్నెండు రోజులకు బెయిలు దొరికింది. కరీంను పెద్ద దవాఖానల వేసిండ్రు. మోచెయ్యి నుగ్గయిందట, ఇనుప పట్టీ వేసిండ్రట, నెత్తికి పద్నాలుగు కుట్లట. సుఘ్రా ఆయన దగ్గరనే ఉన్నది. గోదాంకు తాళం. సిగ్గు లేకుండ చెప్తున్న, అన్ని రోజులల్ల ఒక్క పూట గూడ నాకు పాపమనిపియ్యలె. మంచిగయింది అనుకున్న. గల్లీల ఆడోళ్లు "తల్లివంటె నువ్వే" అంటుంటె తలకాయ ఎత్తుకొని నడిచిన.

లక్ష్మణ్ ఇంటికొచ్చిన వారానికి ఒకనాడు పొగమంచు దట్టంగ కమ్మింది. విమానాలు దిగలె, ఎగరలె. కిచెన్ల డబ్బాలు కుప్పలు పడ్డయి. పొద్దుగాల్నే మమ్మల్ని ఇంటికి పొమ్మన్నరు. ఆ రోజు గూడ శుక్రారమే. ఇంటికొచ్చి చేతులు కడుక్కొని, ఫ్యాను కాడికి పోయి ఫిల్టర్ గుడ్డ ఇప్పిన. పిల్ల దవాఖానకెల్లి వచ్చినంక కట్టిన కొత్త గుడ్డ అది.

గుడ్డ గోధుమరంగైంది.

గోదాంకు తాళం పడి ఇరవై రోజులు దాటింది. ఇంత మసి ఎక్కడిది? ముక్కుకాడ పెట్టుకొని పీల్చిన. రబ్బరు వాసన లేదు. ఊదు వాసన. దాని కింద దోమల కాయిల్ వాసన.

పడకటింట్లకెల్లి పిల్ల దగ్గుతున్నది. దర్వాజ తోసిన. మంచం మీద దుప్పటి గుడారం లెక్క లేసి ఉన్నది, దాని అంచులకెల్లి పొగ సన్నగ కారుతున్నది. దుప్పటి గుంజేసిన. తలంటిన తడిజుట్టు ఇరబోసుకొని కీర్తన నిప్పుల మూకుడు మీదికి వంగి ఉన్నది, మా అత్త ఇంకో చిటికెడు ఊదు వేస్తున్నది. మంచం కింద సగం కాలిన కాయిల్. కిటికీకి నేను కొట్టిన రెండు వరసల అట్ట.

మూకుడును కాలితోటి తన్నిన. నిప్పులు గదంత ఎగిరినయి, రెండు మా అత్త పాదం మీద పడ్డయి. ఆమె అరిచింది. నేను ఆమె రెండు భుజాలు పట్టి గోడకేసి కొట్టిన. చెంప మీద కొట్టిన, ఒక్కటి కాదు. ఆమె గాజు పలిగి నా అరచెయ్యి కోసుకపోయింది, అయినా ఆగలె.

"నాయనమ్మను కొట్టకే అమ్మా, కొట్టకే," అని కీర్తన నా నడుము పట్టుకొని యేలాడింది. దగ్గుకుంట, ఊపిరి అందకుంట యేలాడింది. అప్పుడు ఆగిన.

మా అత్త గోడకు జారి కూసున్నది. కాలిన పాదం పట్టుకొని నా మొఖంలకు చూసింది.

"జలుబు పోతదని పెట్టిన బిడ్డా. తలంటినంక ఊదు పెట్టకుంటె నెత్తిల నీళ్లు దిగయా? నీ మొగనికి గిట్లనే పెట్టి సాదిన."

"ఎప్పటి సంది పెడుతున్నవ్?"

"ఎప్పటి సందేంది, పుట్టినకాడ్నుంచి. అప్పుడు కిటికీలుండె. పొగ బయటికి పోతుండె."

"దవాఖానకు తీస్కపోయిన నాడు?"

"ఆ నాడు గూడ తలంటిన గద. శుక్రారమాయె."

డాక్టరు అడిగిండు, మరే రకమైన పొగైనా ఉన్నదా అని. లేదన్న. నేను అబద్ధం చెప్పలె, ఊదు మా లెక్కల పొగ కానే కాదు. దేవునికి పెట్టేది, బాలింతకు పెట్టేది, పసిపిల్లకు పెట్టేది పొగెట్లయితది? దాన్ని బయటికి పోకుండ అట్టలు కొట్టి బంద్ చేసింది ఎవరు? గోళ్లు ఇరిగేదాంక ఆ టేపంత పీకిన. పిల్లను కిటికీకాడ నిలబెట్టి పంపు కొట్టిన. మా అత్త పాదానికి చల్లనీళ్లు పోసిన. ఆమె పాదం ఎనకకు గుంజుకోలె, అది ఇంకా నరకమైంది నాకు.

లక్ష్మణ్ వచ్చినంక చెప్పిన. అంత ఇని అన్నం పళ్లెం గోడకు కొట్టిండు. నా గొంతు పట్టుకొని బిరువకు ఆనిచ్చిండు.

"ఈ మాట నీ నోట్లకెల్లి బయటికొస్తే చంపుత. రాములన్న రాజీ కుదురుస్తుండు. ఆని పొగతోటే పిల్లకు గిట్లయిందంటేనే నేను బయటపడుత. లేకుంటె ఏండ్లకేండ్లు లోపలనే. పిల్లను ఎవరు సాదుతరు? నువ్వే గద రాడు ఇచ్చింది?"

నేనే ఇచ్చిన. అందుకని నోరు మూసుకున్న. ఆ ఎనక మూడు వారాలు నా బతుకుల మొదటిసారి నేను ఎవరి మీద అరవలె. కిటికీలు పొద్దంత తెరిచే ఉంచిన. ఊదు లేదు, కాయిల్ లేదు, దోమతెర కట్టిన. దుప్పట్లు ఎండకేసిన. సంకురాత్రి పోయేసరికి పిల్లికూతలు బందైనయి. పిల్ల గల్లీల ఉరుకుతున్నది. అది ఎంత మంచిగ ఉరుకుతె నాకు అంత భయమైతుండె.

రాములన్న అంటె మా వార్డుకు పాత మెంబరు, ఆయనకు సిమెంటు దుకాణం ఉన్నది. ఒక ఆదివారం పొద్దుగాల అక్కడ కుర్చీలేసిండు. ఒక దిక్కు మేము ముగ్గురం, ఒక దిక్కు కరీం, సుఘ్రా. కరీంను చూసి నేను గుర్తుపట్టలె. చెయ్యి వంగి రొమ్ముకు అంటుకపోయింది, వేళ్లు కదులుతలేవు. నెత్తి మీద సగం జుట్టు లేదు.

రాములన్న కాగితం సదివిండు. కరీం గోదాంల వైర్లు కాల్చంగ వచ్చిన పొగకు పాప పానం మీదికొచ్చింది, ఆవేశంల లక్ష్మణ్ చెయ్యి చేసుకున్నడు, ఉగాది లోపల కరీం గోదాం ఖాళీ చేసి పోతడు, ఇద్దరి నడుమ ఇగ పంచాయితి లేదు. కోర్టుల ఇదే ఇయ్యాలె.

"ఆయన ఆ రోజు కాల్చలే," అన్నది సుఘ్రా. "పది రోజుల సంది చాకుతోటి గీకుతుండె. వేళ్లు బొబ్బలెక్కినయి. ఎవరికి చెప్పాలె?"

"నువ్వు జర ఊకో," అన్నడు కరీం. నెమ్మదిగ రాములన్న దిక్కు తిరిగిండు. "ఆ రోజు కాల్చలే అన్నా. గానీ అంతకు ముందు నెలలకు నెలలు కాల్చిన గద. అదంత పాప రొమ్ముల చేరి ఉంటది. నా తప్పు నాకు తెలుసు. ఏలిముద్ర పెడత."

కుడిచెయ్యి పనిచెయ్యదు. ఎడమచెయ్యి బొటనవేలు సిరాల ముంచిండు. ముంచి, నన్ను అడిగిండు. "పాప ఇప్పుడు మంచిగున్నదా, అక్కా?"

లక్ష్మణ్ నా మోకాలు గట్టిగ నొక్కిండు. నేను లేసి నిలబడ్డ.

"ఏలు పెట్టకు," అన్న. "ఆ రోజుది నీ పొగ కాదు. మా ఇంట్ల ఊదు పొగ. కిటికీలన్నీ మూసింది నేను. రాడు ఇచ్చింది గూడ నేనే. కోర్టుల గూడ ఇదే చెప్త."

లక్ష్మణ్ లేసి కొట్టిండు. పళ్లు తగిలి పెదవి చీలింది, సిమెంటు బస్తాల మీద పడ్డ. ఇంకోటి కొట్టబోతె రాములన్న, దుకాణపోళ్లు గుంజి పట్టుకున్నరు. ఇట్ల చేస్తే నా పేరు గూడ కేసుల ఎక్కుతదని తెలుసు, మా ఆయన మళ్ల లోపలికి పోతడని తెలుసు. భయమైంది. అయినా మాట ఎనకకు తీస్కోలె. మా అత్త తల వంచుకొని కూసున్నది.

కరీం ఆ సిరా వేలు అట్లనే గాలిల పట్టుకొని ఉన్నడు.

"అంటె పాపకు నా వల్ల కాలేదా?" అన్నడు.

"ఆ రోజు కాలేదు."

"సచ్చీ చెప్పు అక్కా. నన్ను చూసి జాలిపడి చెప్తలేవు గద?"

"బిడ్డ మీద ఒట్టు," అన్న.

ఆయన మొఖం ముడుచుకపోయింది. ఇంత దెబ్బలు తిన్నప్పుడు గూడ ఏడ్వని మనిషి, అందరి ముందల, వెక్కి వెక్కి ఏడ్చిండు. ఎడమచేత్తోటి కండ్లు తుడుచుకుంటె సిరా చెంపకంత అంటింది.

సుఘ్రా ఆయన వీపు మీద చెయ్యేసింది. నా దిక్కు చూసింది. ఆ చూపుల కోపం ఉన్నదో లేదో నాకు సమజ్ కాలె.

"నెలన్నర సంది ఈయనకు కంటి మీద కునుకు లేదు," అన్నది. "నేను చెయ్యి నొప్పికి అనుకున్న."